స్లీపర్ స్ప్లిట్ లెక్క ఎలా వేసుకోవాలి? అమెరికాలో ట్రక్కు నడిపేవాళ్లకీ, హైదరాబాద్ నుంచి డిస్పాచ్ చూసేవాళ్లకీ

"సరుకు ఎక్కించే షిప్పర్ దగ్గర మూడు గంటలు ఆగిపోయాను. ఆ మూడు గంటలు నా క్లాక్‌లో తిరిగి వస్తాయా?" డ్రైవర్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. రాత్రి షిఫ్టులో హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ట్రక్కులకు లోడ్లు చూసే పిల్లలు అడిగేదీ ఇదే. వస్తాయి, కానీ అప్పుగా వస్తాయి. ఆ అప్పును స్లీపర్ బెర్త్‌లో (క్యాబ్ వెనక ఉండే పడకలో) కనీసం ఏడు గంటల విశ్రాంతితో తీర్చాలి. పది గంటల విశ్రాంతిని ఇలా రెండు ముక్కలుగా తీసుకోవడమే స్లీపర్ స్ప్లిట్. తీర్చకపోతే, అప్పటిదాకా శుభ్రంగా కనిపించిన లాగ్‌లో (డ్యూటీ గంటల రికార్డులో) పాత డ్రైవింగే ఉల్లంఘనగా మారిపోతుంది.

ఇక్కడ చెప్పేది రాష్ట్రాల మధ్య సరుకు మోసే ట్రక్కులకు వర్తించే ఫెడరల్ నిబంధనల గురించే. బస్సు డ్రైవర్లకు లెక్కలు వేరు. కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో సరిహద్దు దాటకుండా లోపలే తిరిగేవాళ్లకు వేరు. కెనడాలోకి వెళ్తే మళ్లీ వేరు. మీరు ఆ కోవలోకి వస్తే ఈ అంకెల్ని వాడొద్దు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- నిబంధనల ప్రకారం ఉన్న స్లీపర్ బెర్త్. పరుపు కనీసం 75 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు ఉండాలి, పరుపు పైన 24 అంగుళాల ఖాళీ ఉండాలి. డే క్యాబ్‌లో (పడక లేని క్యాబ్‌లో) సీటు వెనక్కి వాల్చుకుని పడుకుంటే అది ఆఫ్ డ్యూటీ అవుతుందేమో గానీ స్లీపర్ కాదు. డే క్యాబ్ నడిపేవాళ్లకు స్ప్లిట్ లేదు.
- ఈ రోజు లాగ్, దాని వెనక ఏడు రోజుల లాగ్‌లు.
- మీ కంపెనీ ఏ లెక్కలో ఉందో: 7 రోజుల్లో 60 గంటలా, 8 రోజుల్లో 70 గంటలా. వారంలో ప్రతి రోజూ ట్రక్కులు నడిపే కంపెనీలు మాత్రమే 70 గంటల లెక్క వాడుకోవచ్చు.
- ఈఎల్‌డీ (డ్యూటీ గంటల్ని నమోదు చేసే పరికరం) మాన్యువల్, డేటా పంపే విధానం రాసిన కాగితం, పరికరం పాడైతే ఏం చేయాలో రాసిన కాగితం, ఎనిమిది రోజులకు సరిపడా ఖాళీ లాగ్ షీట్లు. ఈ నాలుగూ క్యాబ్‌లోనే ఉండాలి.
- ఒక కాగితం, ఒక పెన్ను. స్ప్లిట్ లెక్కకు ఫోన్ యాప్ కన్నా ఇవే నమ్మకం.

నాలుగు క్లాక్‌లు

వరుసగా 10 గంటలు విశ్రాంతి తీసుకుని డ్యూటీ ఎక్కాక 11 గంటలు నడపొచ్చు. డ్యూటీ ఎక్కిన నిమిషం నుంచి 14 గంటలు దాటితే, ఇంకా డ్రైవింగ్ గంటలు మిగిలి ఉన్నా, నడపకూడదు. మధ్యలో గంటసేపు భోజనానికి ఆగినా ఈ 14 ఆగదు. మొత్తం 8 గంటల డ్రైవింగ్ పూర్తయ్యేలోపు, ఒక్కసారైనా వరుసగా 30 నిమిషాలు స్టీరింగ్ వదలాలి. 2020 సెప్టెంబర్ 29 నుంచి ఆ 30 నిమిషాలు ఆన్ డ్యూటీలో డీజిల్ పోయించుకుంటూ గడిపినా చెల్లుతుంది. నాలుగోది వారం లెక్క, 60 లేదా 70.

స్ప్లిట్ ముట్టుకునేది మొదటి రెండింటినే. 70కి స్ప్లిట్ ఒక్క నిమిషం కూడా కలపదు. ఈ సంగతి తెలియక గురువారం రాత్రికి గంటలు అయిపోయి ట్రక్ స్టాప్‌లో చిక్కుకునేవాళ్లు చాలామంది.

లెక్క వేసే పద్ధతి

1. మొదలు ఎక్కడో గుర్తు పెట్టండి. చివరిసారి వరుసగా 10 గంటల విశ్రాంతి ముగిసి డ్యూటీ ఎక్కిన సమయం కాగితం మీద రాయండి. అది రాయకుండా ముందుకు వెళ్తే మిగతా అంకెలన్నీ గాలిలో ఉంటాయి.

2. మొదటి విశ్రాంతి అర్హమైనదేనా చూడండి. కనీసం వరుసగా 2 గంటలు ఉండాలి. ఆఫ్ డ్యూటీ అయినా, స్లీపర్ అయినా, రెండూ కలిసినా సరే. 1 గంట 55 నిమిషాలు లెక్కలోకి రాదు. డాక్ (సరుకు ఎక్కించే, దించే చోటు) దగ్గర వేచి ఉన్న సమయాన్ని ఆఫ్ డ్యూటీ పెట్టాలంటే, ట్రక్కు బాధ్యత, సరుకు బాధ్యత రెండూ మీ మీద ఉండకూడదు. మీ ఇష్టం వచ్చిన చోటికి వెళ్లే స్వేచ్ఛ ఉండాలి. "పిలిస్తే వెంటనే రా, ప్యాలెట్లు లెక్కపెట్టు" అన్నారంటే అది ఆన్ డ్యూటీయే.

3. రెండో విశ్రాంతి ఎంత ఉండాలో అప్పుడే తేల్చండి. రెండు షరతులున్నాయి: జంటలో ఒకటి స్లీపర్ బెర్త్‌లో కనీసం వరుసగా 7 గంటలు కావాలి, రెండూ కలిపి 10కి తగ్గకూడదు. మొదటిది 3 గంటలైతే స్లీపర్ 7. మొదటిది రెండున్నరైతే స్లీపర్ ఏడున్నర. మొదటిది సరిగ్గా 2 అయితే స్లీపర్ 8. మొదటిది 4 గంటలు తీసుకున్నా స్లీపర్ 7కి తగ్గదు. ఏది ముందు, ఏది వెనక అన్నది మీ ఇష్టం.

4. స్లీపర్ గంటల్ని తెగనివ్వకండి. ఏడూ వరుసగా లాగ్‌లోని స్లీపర్ లైన్ మీదే ఉండాలి. నాలుగో గంటలో డాక్ వాళ్లు లేపి ట్రక్కును పది గజాలు ముందుకు జరపమంటే, ఆ జరపడంతో లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. యార్డ్ మూవ్ (ఆవరణ లోపలే ట్రక్కు జరపడం) అని పెట్టినా అది ఆన్ డ్యూటీయే. పర్సనల్ కన్వేయన్స్ (ఆఫ్ డ్యూటీలో సొంత పనికి ట్రక్కు నడపడం) పెట్టినా స్లీపర్ లైన్ తెగుతుంది. కాబట్టి పెద్ద భాగాన్ని ఎవరూ లేపని చోట పెట్టుకోండి, చిన్న భాగాన్ని డాక్ దగ్గర పెట్టుకోండి. సరిగ్గా ఏడు దగ్గర బయలుదేరకుండా ఇంకో పావుగంట కలిపి లేవడం మంచిది.

5. జంట పూర్తయ్యాక, మొదటి విశ్రాంతి ముగిసిన సమయం నుంచి మళ్లీ లెక్కపెట్టండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రెండో విశ్రాంతి ముగిసిన దగ్గర నుంచి కొత్త 11, కొత్త 14 రావు. మొదటి విశ్రాంతి అయిపోయాక మీరు నడిపిన గంటలు 11లోంచి పోతాయి. అప్పటి నుంచి గడిచిన సమయం, రెండో విశ్రాంతిని మినహాయించి, 14లోంచి పోతుంది.

6. కూడిక సరిచూడండి. ఏ అర్హమైన విశ్రాంతి తీసుకున్నా దానికి ముందు నడిపిన గంటలు, దాని తర్వాత నడిపిన గంటలు కలిపి 11 దాటకూడదు. అలాగే ముందు గడిచిన డ్యూటీ సమయం, తర్వాత గడిచినది కలిపి 14 దాటకూడదు. ఈ రెండు కూడికలూ సరిపోతే స్ప్లిట్ సరైనదే.

7. కొనసాగించాలా, బయటికి రావాలా నిర్ణయించుకోండి. మళ్లీ ఒక చిన్న విశ్రాంతి తీసుకుంటే అది పాత స్లీపర్ భాగంతో జంట కడుతుంది. ఇలా ఎన్నిసార్లైనా సాగించొచ్చు. కానీ కొత్తగా 11, 14 పూర్తిగా కావాలంటే వరుసగా 10 గంటలు ఆగడమే మార్గం.

ఒక రోజు లెక్క వేసి చూద్దాం

ఉదయం 6:00కి, పది గంటల విశ్రాంతి తర్వాత, డ్యూటీ ఎక్కారు. అరగంట ట్రక్కు తనిఖీ. 6:30 నుంచి 11:30 దాకా ఐదు గంటలు నడిపారు. 11:30కి షిప్పర్ దగ్గర ఆఫ్ డ్యూటీ, మధ్యాహ్నం 2:30 దాకా, అంటే మూడు గంటలు. 2:30 నుంచి రాత్రి 8:30 దాకా ఆరు గంటలు నడిపారు. మొత్తం పదకొండు అయిపోయాయి. 8:30కి స్లీపర్ ఎక్కి తెల్లవారుజామున 3:30కి లేచారు. ఏడు గంటలు.

మూడూ ఏడూ పది. జంట కుదిరింది. ఇప్పుడు మధ్యాహ్నం 2:30 నుంచి లెక్కపెట్టండి. నడిపింది ఆరు గంటలు, కాబట్టి డ్రైవింగ్ 5 గంటలు మిగిలింది. 14లో పోయినవి కూడా ఆరే (2:30 నుంచి 8:30), కాబట్టి 8 గంటలు మిగిలాయి. అంటే 3:30కి బయలుదేరి, ఉదయం 11:30లోపు ఐదు గంటలు నడపొచ్చు. పదకొండు గంటలు కొత్తగా వచ్చాయనుకుని ఆగకుండా పోతే ఉల్లంఘనే.

కూడిక చూడండి: మూడు గంటల విశ్రాంతికి ముందు 5, తర్వాత 6, మొత్తం 11. ఏడు గంటల విశ్రాంతికి ముందు 6, తర్వాత 5, మళ్లీ 11. సరిపోయింది.

ఇంకా సాగిద్దాం. 3:30 నుంచి 8:30 దాకా ఐదు గంటలూ నడిపేసి, సరుకు దించుకునే రిసీవర్ దగ్గర 8:30 నుంచి 11:30 దాకా మళ్లీ మూడు గంటలు ఆఫ్ డ్యూటీలో ఆగారు. ఇది రాత్రి ఏడు గంటలతో జంట కడుతుంది. ఈసారి లెక్క 3:30 నుంచి. నడిపింది ఐదు, మిగిలింది ఆరు. 14లో ఐదు పోయాయి, తొమ్మిది మిగిలాయి.

ఇప్పుడు అదే రోజును కొంచెం చెడగొట్టి చూద్దాం. రాత్రి స్లీపర్‌లో ఏడు గంటలు కాకుండా ఆరు గంటల యాభై నిమిషాలకే బయలుదేరారు. జంట కుదరలేదు. అప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు 14ను ఆపలేదన్నమాట. ఉదయం 6:00కి మొదలైన 14 రాత్రి 8:00కే అయిపోయింది. 8:00 నుంచి 8:30 దాకా నడిపిన అరగంట ఉల్లంఘన, ఉదయం బయలుదేరిన తర్వాత నడిపిందంతా ఉల్లంఘన. పది నిమిషాల తొందరకు ఇంత నష్టం.

పదేపదే కనిపించే తప్పులు

పాత సలహాలు వినడం. 2020కి ముందు స్లీపర్‌లో కనీసం 8 గంటలు ఉండాల్సిందే, చిన్న భాగం 14ను ఆపేది కాదు. ఆ కాలం డ్రైవర్లు ఇప్పటికీ అదే చెబుతారు. ఇంకో రకం వాళ్లు 6/4, 5/5 స్ప్లిట్ కూడా వచ్చేసిందంటారు. అలాంటివాటిని కొద్దిమంది డ్రైవర్లతో పరీక్షించే ప్రతిపాదనను ఎఫ్‌ఎంసీఎస్‌ఏ (అమెరికాలో ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ) 2025లో ప్రకటించింది. అది అందరికీ వచ్చిన అనుమతి కాదు. మీరు ఆ పరీక్షలో లేకపోతే 7కి తక్కువ స్లీపర్ చెల్లదు.

34 గంటల రీసెట్ విషయంలోనూ ఇలాగే. అందులో రెండు రాత్రులు ఒంటిగంట నుంచి ఐదు దాకా ఉండాలని ఇంకా కొందరు చెబుతారు. ఆ షరతు అమలులో లేదు. వరుసగా 34 గంటలు డ్యూటీ లేకుండా ఉంటే 70 మళ్లీ మొదటి నుంచి వస్తుంది.

ఈఎల్‌డీ తెర మీది అంకెను గుడ్డిగా నమ్మడం. కొన్ని పరికరాలు రెండో విశ్రాంతి పూర్తయ్యేదాకా స్ప్లిట్‌ను గుర్తించవు, ఎర్రగా ఉల్లంఘన చూపిస్తాయి. కొన్ని సెట్టింగ్‌లో స్ప్లిట్ ఆన్ చేస్తేనే లెక్కిస్తాయి. చట్టం ముందు నిలబడేది మీ లాగ్ లైన్లు, మిగిలిన గంటలు చూపే బొమ్మ కాదు. అందుకే కాగితం, పెన్ను.

పర్సనల్ కన్వేయన్స్‌ను దారి ముందుకు జరుపుకోవడానికి వాడటం. లోడింగ్ అయ్యాక షిప్పర్ బయటికి పొమ్మంటే, దగ్గర్లో మొదట దొరికే సురక్షితమైన పార్కింగ్ దాకా వెళ్లొచ్చు. డెలివరీ వైపు యాభై మైళ్లు వెళ్లి "పార్కింగ్ దొరకలేదు" అంటే తనిఖీలో నిలబడదు.

టీమ్ డ్రైవర్లు (ఒకే ట్రక్కును వంతులవారీగా నడిపే ఇద్దరు) పక్క సీటు సమయాన్ని తప్పుగా వేసుకోవడం. కదులుతున్న ట్రక్కులో పక్క సీట్లో కూర్చున్న సమయంలో గరిష్ఠంగా 3 గంటలు విశ్రాంతిలో కలుపుకోవచ్చు. అయితే అవి స్లీపర్‌లోని కనీసం 7 గంటలకు వెంటనే ముందో, వెంటనే తర్వాతో ఉండాలి.

మరో తప్పు, వారం లెక్క చూడకపోవడం. పై ఉదాహరణలోని మొదటి రోజు పనికి 70లోంచి పదకొండున్నర గంటలు పోయాయి. అలాంటివి ఆరు రోజులు నడిపితే 69. ఏడో రోజుకు గంట మిగులుతుంది. 8 రోజుల లెక్కలోంచి జారిపోయే పాత రోజు గంటలు ఏ అర్ధరాత్రి తిరిగి వస్తాయో చూసుకుని లోడ్ ఒప్పుకోండి.

డిస్పాచ్ వైపు ఉన్నవాళ్లకు

ముందు టైమ్ జోన్. లాగ్ నడిచేది డ్రైవర్ హోమ్ టెర్మినల్ (కంపెనీలో ఆయన మామూలుగా పనిచేసే స్థావరం) సమయం మీద. ట్రక్కు ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉందో దానికి సంబంధం లేదు. చికాగో కంపెనీ డ్రైవర్ ఒహైయోలో ఉన్నా లాగ్ సెంట్రల్ టైమే. మన గడియారం వేసవిలో సెంట్రల్ కన్నా పదిన్నర గంటలు ముందుంటుంది, శీతాకాలంలో పదకొండున్నర. ఈస్టర్న్‌తో అయితే తొమ్మిదిన్నర, పదిన్నర. డెలివరీ అపాయింట్‌మెంట్ మాత్రం రిసీవర్ ఉన్న చోటి సమయంలో ఉంటుంది. ఈ మూడింటినీ ఒకే ఎక్సెల్ గడిలో కలిపేసి రాస్తే గంట తేడా ఖాయం. మార్చి, నవంబర్‌లలో గడియారాలు మార్చే వారం మరీ జాగ్రత్త.

స్లీపర్‌లో ఉన్న డ్రైవర్‌కు ఫోన్ చేసి "ఎక్కడున్నావ్ అన్నా?" అని అడగడం మానండి. ట్రక్కు ఎక్కడుందో జీపీఎస్ చెబుతుంది. ఆయన నిద్ర చెడగొట్టి, మళ్లీ తెల్లవారుజామున ఐదు గంటలు నడపమంటే ఏం న్యాయం?

గంటలు లేవని డ్రైవర్ చెప్పాక కూడా "ఈ లోడ్ దించకపోతే రేపటి నుంచి లోడ్ లేదు" అనడం అమెరికా చట్టంలో బలవంతం కిందికి వస్తుంది. డ్రైవర్ 90 రోజుల్లోపు ఎఫ్‌ఎంసీఎస్‌ఏకి ఫిర్యాదు చేయొచ్చు. మెసేజ్‌లన్నీ సాక్ష్యమే.

లాగ్ దిద్దడం గురించి కూడా ఒక మాట. ఆఫీసు నుంచి దిద్దుబాటు సూచించొచ్చు, డ్రైవర్ చూసి ఒప్పుకుని సంతకం చేస్తేనే అది నిలుస్తుంది. ఎందుకు దిద్దారో వివరణ రాయాలి. ఈఎల్‌డీ తానే నమోదు చేసిన డ్రైవింగ్ సమయాన్ని తగ్గించడానికి వీల్లేదు. "నేను సెట్ చేస్తాలే" అని డ్రైవర్‌కు మాట ఇవ్వకండి.

బయలుదేరే ముందు సరిచూసుకోవడం

స్లీపర్ నుంచి లేచాక, స్టీరింగ్ పట్టకముందే ఇవి చూడండి. స్లీపర్ లైన్ ఎక్కడా తెగకుండా 7:00 లేదా అంతకన్నా ఎక్కువ ఉందా? రెండు విశ్రాంతులు కలిపి 10:00 అయ్యిందా? మొదటి విశ్రాంతి ముగిసిన సమయం నుంచి వేసిన లెక్కలో 11, 14 రెండింట్లో ఏది ముందు అయిపోతుంది? 70లో ఎన్ని ఉన్నాయి? వీటన్నిటిలో ఏది చిన్నదో, ఈ రోజు మీ హద్దు అదే. ఆ సమయాన్ని డాష్‌బోర్డు మీద చీటీ రాసి అంటించుకున్నా తప్పులేదు.

లైన్ తెగిందని ఇప్పుడే తెలిస్తే కదలకండి. అప్పటికే విశ్రాంతిలో ఉన్నారు కాబట్టి, చాలాసార్లు ఇంకొంచెం ఆగి వరుసగా 10 గంటలు పూర్తి చేయడమే చౌక. స్లీపర్, ఆఫ్ డ్యూటీ కలిపి వరుసగా 10 అయినా కొత్త 11, కొత్త 14 వస్తాయి. అయితే ముందు రోజు 14 దాటి నడిపిన అరగంట ఉంటే అది లాగ్‌లో అలాగే ఉండిపోతుంది, పది గంటల విశ్రాంతి దాన్ని చెరపదు. కారణం వివరణగా రాసి ఆఫీసుకు చెప్పండి.

దారిలో ముందుగా తెలియని మంచు తుఫానో, ప్రమాదంతో హైవే మూతపడటమో ఎదురైతే 11కీ 14కీ చెరో రెండు గంటల దాకా కలుపుకోవచ్చు. వివరణ రాయాలి. బయలుదేరేటప్పుడే వాతావరణ హెచ్చరిక ఉంటే ఈ మినహాయింపు రాదు. అట్లాంటాలో సాయంత్రం ఐదింటి ట్రాఫిక్ కూడా "ముందుగా తెలియనిది" కాదు.

మధ్యలో ఈఎల్‌డీ పాడైతే స్ప్లిట్ పాడవ్వదు. 24 గంటల్లోపు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి, ఖాళీ షీట్ల మీద ఈ రోజు లాగ్‌నూ, పరికరం నుంచి తీయలేని వెనక ఏడు రోజుల లాగ్‌లనూ గీయండి. బాగు చేయించడానికి కంపెనీకి ఎనిమిది రోజుల గడువు ఉంటుంది.

తనిఖీ అధికారి ఆపి స్ప్లిట్ గురించి అడిగితే పెద్ద వివరణ అక్కర్లేదు. డేటా పంపే కాగితం తీసి, ఆయన చెప్పిన కోడ్‌తో ఫైలు పంపండి. తర్వాత లాగ్‌లో రెండు విశ్రాంతులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో వేలితో చూపించండి. రెండోది ఇంకా తీసుకోకపోతే, ఎక్కడ, ఎన్ని గంటలకు తీసుకోబోతున్నారో చెప్పండి.